రేడియేషన్ అనే ఒక్క మాట: సైబరాబాద్ నిత్యజీవితంలో విద్యుదయస్కాంత తరంగాల ఉపయోగాలు, ప్రభావాలు

వ్యాససంగ్రహం:

హైదరాబాద్ నగరానికి పడమట హైటెక్ సిటీ, మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ ప్రాంతాలతో విస్తరించిన ఐటీ కారిడార్‌లో రోజువారీ జీవనం విద్యుదయస్కాంత తరంగాల మీద ఆధారపడి ఉంది. రహదారి టోల్ గేటు మొదలు రోగనిర్ధారణ కేంద్రం వరకు ఉపయోగపడే ఈ తరంగాల స్వభావం, ప్రభావం ఒకదానికొకటి ఎంతో భిన్నం. అయితే వాడుక తెలుగులో వీటన్నింటికీ “రేడియేషన్” అనే ఒకే మాట స్థిరపడింది. ఈ తరంగాలు పనిచేసే తీరును సైబరాబాద్ ఉదాహరణలతో వివరించడం, వాటి ప్రభావాలను పౌనఃపున్యం, మోతాదు అనే రెండు కొలమానాలతో వేరుచేసి చూపడం, ఒకే మాట వాడకం వల్ల భయం ఎక్కడ దారి తప్పుతున్నదో పరిశీలించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: విద్యుదయస్కాంత తరంగాలు, పౌనఃపున్యం, అయనీకరణం, సెల్ టవర్, పరారుణ కిరణాలు, నీలికాంతి, వైజ్ఞానిక పరిభాష, సైబరాబాద్.

1. ఉపోద్ఘాతం:

1998 నవంబర్ 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. రాళ్లగుట్టల మధ్య వెలసిన ఆ భవనం చుట్టూ పాతికేళ్లలో ఒక కొత్త నగరమే ఏర్పడింది. ఆ నగరం నడిచేది కంటికి కనిపించని తరంగాలతో. ఉద్యోగి చేతిలోని ఫోను, మెడలోని గుర్తింపు కార్డు, కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్, భోజనశాలలోని మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ విద్యుదయస్కాంత తరంగాలతో పనిచేసేవే.

ఈ తరంగాల పట్ల భయం కూడా అంతే విస్తృతంగా ఉంది. అపార్ట్‌మెంట్ పైకప్పు మీద సెల్ టవర్ నిలబెడతామంటే నివాసితులు అభ్యంతరం చెప్పడం నగరంలో తరచు కనిపించేదే. అదే నివాసితులలో చిన్నపాటి తలనొప్పికి సైతం సీటీ స్కాన్ తీయించమని వైద్యుణ్ణి అడిగేవారు ఉంటారు. మొదటిదానిలో “రేడియేషన్” ఉందని తెలుసు. రెండవదానిలో ఉన్నదీ రేడియేషనే అని, అది మొదటిదానికంటే పూర్తిగా వేరైన రకమని తెలియదు. కేన్సర్ వైద్యంలో రోగికి ఇచ్చేదానికీ, టవర్ నుంచి వెలువడేదానికీ వాడుకలో ఒకే పేరు ఉండటం ఈ అయోమయానికి ఒక ముఖ్యకారణం.

తెలుగులో విజ్ఞానశాస్త్ర రచనకు హైదరాబాద్‌తో గాఢమైన అనుబంధం ఉంది. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి 1906లో ఇక్కడే మొదలైంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యపుస్తకాల ద్వారా, పారిభాషిక పదకోశాల ద్వారా భౌతికశాస్త్ర పదజాలాన్ని స్థిరపరచింది. కావలసిన పదాలు తెలుగులో ఉన్నాయి. అవి తరగతి గది దాటి నిత్యవ్యవహారంలోకి రాకపోవడమే సమస్య.

2. పదాలలోని శాస్త్రం:

“విద్యుత్” శబ్దానికి “అయస్కాంతం” పరమైనప్పుడు తకారం దకారమై “విద్యుదయస్కాంతం” ఏర్పడింది. అయస్సు అంటే ఇనుము. ఇనుముకు ప్రియమైనది అయస్కాంతం. ఈ సమాసంలో రెండు పదాలు కలిసినట్లే ప్రకృతిలో రెండు క్షేత్రాలు కలిసి ఉంటాయని 1865లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ప్రచురించిన సిద్ధాంతం తెలిపింది. మారుతున్న విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని, మారుతున్న అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తాయి. ఇలా ఒకదానినొకటి పుట్టించుకుంటూ అవి శూన్యంలో సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో సాగిపోతాయి. 1887లో హైన్‌రిక్ హెర్ట్జ్ ఈ తరంగాలను ప్రయోగశాలలో నిరూపించాడు. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్రబోస్ వాటితో దూరాన ఉన్న గంటను మోగించి చూపాడు. బోస్ పరిశోధించినవి మిల్లీమీటర్ తరంగాలు. నేడు 5జి సేవలకు కేటాయించినవాటిలో 26 గిగాహెర్ట్జ్ పట్టీ వాటికి సమీపంలోనిదే.

“పునఃపునః” అంటే మళ్లీమళ్లీ. దాని నుంచి వచ్చిన “పౌనఃపున్యం” తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో చెబుతుంది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ తరంగదైర్ఘ్యం తగ్గుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం మధ్యతరహా తరంగ ప్రసారం 738 కిలోహెర్ట్జ్ మీద. దాని తరంగదైర్ఘ్యం సుమారు 406 మీటర్లు. 98.3 మెగాహెర్ట్జ్ ఎఫ్ఎం ప్రసారానికి అది 3 మీటర్లు. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి 12 సెంటీమీటర్లు. యాంటెన్నా పరిమాణం తరంగదైర్ఘ్యాన్ని అనుసరిస్తుంది కనుక ఆకాశవాణికి ఎత్తైన స్తంభం అవసరమైంది, వైఫై యాంటెన్నా ఫోనులోనే ఇమిడిపోయింది.

కంటికి కనిపించే కాంతి 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న సన్నని పట్టీ మాత్రమే. ఎరుపుకు ఆవలిది పరారుణం, ఊదారంగును దాటినది అతినీలలోహితం. ఈ రెండు పేర్లు వర్ణపటంలో ఆ కిరణాల స్థానాన్ని చెబుతాయి. అతినీలలోహితం తరువాత ఎక్స్-కిరణాలు, గామా కిరణాలు వస్తాయి. పరారుణానికి ఇవతల సూక్ష్మతరంగాలు, రేడియో తరంగాలు ఉంటాయి. ఇవన్నీ ఒకే కుటుంబం. పౌనఃపున్యం ఒక్కటే వాటిని వేరుచేస్తుంది. ఆ భేదమే ప్రభావాలను నిర్ణయిస్తుంది.

3. సైబరాబాద్‌లో ఉపయోగాలు:

3.1 ప్రయాణం:

158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి మీద నానక్‌రామ్‌గూడ టోల్ గేటు దాటే కారు అద్దంపై ఉన్న ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు. గేటు మీది పరికరం 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్య పంపే రేడియో తరంగమే ఆ చిప్‌కు కావలసిన శక్తిని ఇస్తుంది. చిప్ ఆ తరంగాన్నే తన సంఖ్యకు అనుగుణంగా మార్చి వెనక్కు ప్రతిఫలింపజేస్తుంది. ఎండలో అద్దం ముక్కను అటూఇటూ తిప్పి దూరాన ఉన్నవారికి సైగ చేయడం లాంటిదే ఈ ప్రక్రియ. మెట్రో స్మార్ట్ కార్డులోనూ బ్యాటరీ ఉండదు, అది 13.56 మెగాహెర్ట్జ్ వద్ద కొన్ని సెంటీమీటర్ల దూరంలో పనిచేస్తుంది.

మెట్రో రైలు 2019 మార్చి 20న హైటెక్ సిటీకి, అదే సంవత్సరం నవంబర్ 29న రాయదుర్గానికి చేరింది. రైళ్ల మధ్య ఉండవలసిన దూరాన్ని, వేగాన్ని నియంత్రించే వ్యవస్థ రేడియో సంకేతాల మీద ఆధారపడింది. క్యాబ్ డ్రైవర్‌కు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. వాటి సంకేతం భూమికి చేరడానికి సెకనులో సుమారు 15వ వంతు పడుతుంది. ఆ ప్రయాణకాలాన్ని కొలిచే ఫోను తన స్థానాన్ని లెక్కిస్తుంది. ఎత్తైన భవనాల నడుమ ఈ సంకేతాలు గోడలకు తగిలి చుట్టుదారిన వస్తాయి. క్యాబ్ పక్కవీధిలో ఉన్నట్లు ఫోనులో కనిపించడానికి ఇది ఒక కారణం.

3.2 నేలకింది కాంతి:

సైబరాబాద్ సమాచారమంతా గాలిలో తిరుగుతున్నదని చాలామంది భావన. నిజానికి దానిలో అత్యధికభాగం నేలకింద గాజుపోగులలో పరారుణ కాంతిగా ప్రయాణిస్తుంది. దూరప్రసారానికి వాడే 1550 నానోమీటర్ల కాంతి గాజులో అతితక్కువగా క్షీణిస్తుంది కనుక దానిని ఎంచుకున్నారు. కాలిఫోర్నియాలోని కంప్యూటర్‌తో గచ్చిబౌలి ఉద్యోగి మాట్లాడుతున్నప్పుడు రేడియో తరంగం నడిచేది ఫోను నుంచి సమీప టవర్ వరకు, లేదా ల్యాప్‌టాప్ నుంచి గది పైకప్పులోని వైఫై పెట్టె వరకు మాత్రమే.

3.3 గాజుగోడలు:

ఐటీ కారిడార్‌కు రూపమిచ్చినవి గాజుగోడలు. ఎండవేడిని అడ్డుకోవడానికి వీటిలో చాలావాటికి అతిపలుచని లోహపు పూత పూస్తారు. 2004లో నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం హైటెక్ సిటీ సమీపంలో ప్రారంభించిన సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ నుంచి ఇంధనం పొదుపు చేసే నిర్మాణాలకు ఇక్కడ ప్రాచుర్యం పెరిగింది. లోహపు పూత కాంతిని లోనికి రానిచ్చి పరారుణాన్ని వెనక్కు పంపుతుంది. అయితే లోహం రేడియో తరంగాలను కూడా ప్రతిఫలింపజేస్తుంది. అందువల్ల ఎదురుగానే టవర్ ఉన్నా కొన్ని భవనాల లోపల సిగ్నల్ బలహీనపడుతుంది. నాలుగువైపులా లోహం ఉన్న లిఫ్టులో మాట తెగిపోవడానికీ కారణమిదే. ఈ లోటు తీర్చడానికి పెద్ద కార్యాలయాల పైకప్పులలో చిన్నచిన్న యాంటెన్నాలు అమరుస్తారు. గాజుగోడ చేసే ఈ పని ఆరోగ్య చర్చలోనూ ముఖ్యమైనది.

4. ప్రభావాలు:

4.1 అయనీకరణ గీత:

విద్యుదయస్కాంత శక్తి చిన్నచిన్న పొట్లాలుగా వస్తుంది. ఒక్కొక్క పొట్లం ఫోటాన్. దానిలోని శక్తి పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. అణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడం అయనీకరణం. అందుకు జీవకణాలలో సుమారు 12 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి కావాలి. 1800 మెగాహెర్ట్జ్ మొబైల్ తరంగపు ఫోటాన్ శక్తికి అది సుమారు 16 లక్షల రెట్లు. మామిడికాయను రాలగొట్టడానికి ఒక్క రాయి చాలు. ఆవగింజలు బస్తాలకొద్దీ విసిరినా కాయ రాలదు. ఎక్స్-కిరణాలు, గామా కిరణాలు రాళ్ల వంటివి. అవి డీఎన్ఏ బంధాలను తెంచగలవు. రేడియో తరంగాలు ఆవగింజల వంటివి.

అయితే ఆవగింజలు కుప్పగా పడితే ఆ బరువు తెలుస్తుంది. అలాగే రేడియో తరంగాల మోతాదు పెరిగితే కణజాలం వేడెక్కుతుంది. మైక్రోవేవ్ ఓవెన్, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తాయి. మూసిన లోహపు పెట్టెలో సుమారు 800 వాట్ల శక్తి అన్నాన్ని ఉడికిస్తుంది. గదిలో వైఫై పెట్టె వెదజల్లే శక్తి సాధారణంగా 0.1 వాట్‌కు అటూఇటూ. పౌనఃపున్యం ఒకటే అయినా మోతాదు వేరు.

4.2 టవర్, ఫోను:

టవర్ మీది యాంటెన్నా తరంగాలను అన్నివైపులా సమానంగా పంపదు. ఎదుటివైపు, కొద్దిగా కిందికి వంచి, దీపస్తంభపు వెలుగులా దూరానికి ప్రసరింపజేస్తుంది. “దీపం కింద చీకటి” అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. టవర్ ఉన్న భవనంలో నివసించేవారికి, దాని కిందే ఉన్నందున, చేరేది సాధారణంగా తక్కువ.

ఉదాహరణకు 20 వాట్ల శక్తిని ఎదుటివైపుకు 50 రెట్లు కేంద్రీకరించే యాంటెన్నాను ఊహించవచ్చు. దాని ముఖానికి నేరుగా 50 మీటర్ల దూరంలో శక్తి సాంద్రత చదరపు మీటరుకు 0.032 వాట్లు. దూరం రెట్టింపైతే అది నాలుగోవంతుకు తగ్గుతుంది. భారతదేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి అమలులోకి తెచ్చిన పరిమితి 900 మెగాహెర్ట్జ్ వద్ద చదరపు మీటరుకు 0.45 వాట్లు, 1800 మెగాహెర్ట్జ్ వద్ద 0.9 వాట్లు. అంతర్జాతీయ మార్గదర్శకాలలో ఇది పదోవంతు. అంటే పై ఉదాహరణలో 50 మీటర్ల దగ్గర ఉన్నది 900 మెగాహెర్ట్జ్ పరిమితిలో 14వ వంతు మాత్రమే.

అదే లెక్క మరొక విషయాన్నీ తెలుపుతుంది. యాంటెన్నా ముఖానికి ఎదురుగా, అదే ఎత్తులో, 13 మీటర్లలోపు వేరొక భవనపు బాల్కనీ ఉంటే అక్కడ 0.45 వాట్ల పరిమితి దాటవచ్చు. ఒకే టవర్‌పై అనేక యాంటెన్నాలుంటే వాటి మొత్తాన్ని లెక్కించాలి. భవనాలు ఒకదానినొకటి ఆనుకొని పైకి పెరుగుతున్న కొండాపూర్, మాదాపూర్ వంటి చోట్ల అడగదగిన ప్రశ్న “టవర్ ఎంత దగ్గర?” అని కాదు, “యాంటెన్నా ముఖం ఎటువైపు, ఏ ఎత్తున ఉంది?” అని. కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ 2017లో ప్రారంభించిన తరంగ్ సంచార్ వెబ్‌సైటులో టవర్ల వివరాలు చూడవచ్చు, కొలతల కోసం దరఖాస్తు చేయవచ్చు.

ఫోను సంగతి దీనికి భిన్నం. అది శరీరానికి ఆనుకొని ఉంటుంది కనుక సాధారణ వినియోగదారుకు రేడియో తరంగాల మోతాదు ప్రధానంగా ఫోను నుంచే అందుతుంది. టవర్ దగ్గరగా ఉండి సిగ్నల్ బలంగా ఉంటే ఫోను తన శక్తిని బాగా తగ్గించుకుంటుంది. సిగ్నల్ బలహీనమైతే 4జి ఫోను తన గరిష్ఠమైన 0.2 వాట్ల వరకు పెంచుకుంటుంది. లోహపు పూత ఉన్న గాజుగోడల వెనుక జరిగేది ఇదే. కాలనీలో టవర్‌ను తొలగించడంతో అక్కడివారికి మోతాదు తగ్గుతుందనుకోవడం అందువల్ల సరికాదు. చెవి దగ్గరి ఫోను నుంచి అది పెరగవచ్చు. ఫోనుకు భారతదేశం 2012లో నిర్ణయించిన పరిమితి, ఒక గ్రాము కణజాలంపై సగటున కిలోకు 1.6 వాట్లు. *#07# నొక్కితే చాలా ఫోన్లలో ఆ విలువ కనిపిస్తుంది. ఇయర్‌ఫోన్ వాడటం, సిగ్నల్ లేనిచోట సుదీర్ఘంగా మాట్లాడకపోవడం సులభమైన జాగ్రత్తలు.

4.3 పరిశోధనలు చెప్పినది:

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2011 మేలో రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. “కేన్సర్ కారకం కావడానికి అవకాశం ఉంది, ఆధారాలు పరిమితం” అని ఆ వర్గానికి అర్థం. కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉంది. ఈ వర్గాలు ఆధారాల బలాన్ని చెబుతాయే గాని ప్రమాదపు పరిమాణాన్ని చెప్పవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా జరిగి 2024లో ప్రచురితమైన సమగ్ర సమీక్ష, 63 అధ్యయనాలను పరిశీలించి, మొబైల్ వాడకానికీ మెదడు కేన్సర్‌కూ సంబంధం కనిపించలేదని తెలిపింది.

పక్షుల విషయంలో ప్రజాభిప్రాయాన్ని 2018లో విడుదలైన “2.0” చలనచిత్రం బలంగా ప్రభావితం చేసింది. తరంగాలు కొన్ని పక్షుల దిక్సూచి జ్ఞానానికి ఆటంకం కలిగిస్తాయా అన్నది శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న ప్రశ్నే. కాని పిచ్చుకల తగ్గుదలను టవర్లకు మాత్రమే ఆపాదిస్తే, గూడు పెట్టుకునే పెంకుటింటి చూరు పోయి గాజుగోడ రావడం, పిల్లలకు పెట్టే పురుగులు పురుగుమందులతో నశించడం వంటి కారణాలు మరుగున పడతాయి.

4.4 కనిపించే కాంతి, అందని ఎండ:

ఐటీ ఉద్యోగి శరీరం మీద స్పష్టంగా పనిచేస్తున్న విద్యుదయస్కాంత తరంగం రేడియో తరంగం కాదు, వెలుగు. అమెరికా పగటివేళకు అనుగుణంగా పనిచేసేవారు సైబరాబాద్‌లో ఎందరో. 460 నుంచి 480 నానోమీటర్ల ప్రాంతంలోని నీలికాంతి కంటిలోని ప్రత్యేక కణాల ద్వారా మెదడుకు పగలన్న సంకేతాన్ని పంపుతుంది. దానితో నిద్రకు తోడ్పడే మెలటోనిన్ తయారీ తగ్గుతుంది. రాత్రి షిఫ్టు పనిని అదే కేన్సర్ పరిశోధన సంస్థ 2007లో 2ఎ వర్గంలో, అంటే “కేన్సర్ కారకం కావడం సంభావ్యం” అన్న వర్గంలో చేర్చింది. 2019లో దానిని ధ్రువపరచింది. ఆధారాల బలం దృష్ట్యా ఇది సెల్ టవర్ తరంగాల కంటే ఒక మెట్టు పైన ఉంది. అయినా టవర్‌పై జరిగినంత చర్చ రాత్రి షిఫ్టు వెలుగుపై జరగదు.

దీనికి జోడుగా ఎండ కొరత ఉంది. చర్మంలో విటమిన్ డి తయారు కావడానికి కావలసిన అతినీలలోహిత బి కిరణాలను గాజు దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. కిటికీ పక్కన కూర్చున్నవారికి వెలుతురు దొరుకుతుంది గాని ఆ కిరణాలు దొరకవు. ఏడాదిలో అధికభాగం ఎండ కాసే ఊరిలో ఉంటూ ఎండకు దూరం కావడం ఈ జీవనవిధానపు ఫలితం. మరొకవైపు మోతాదు మించిన అతినీలలోహితం చర్మ కేన్సర్‌కు నిరూపితమైన కారణం. ఒకే కిరణం కొద్దిగా అయితే అవసరం, ఎక్కువైతే హాని.

4.5 రోగనిర్ధారణ కేంద్రంలో:

ఛాతీ ఎక్స్-రే ఒకటి సుమారు 0.1 మిల్లీసీవర్ట్ మోతాదునిస్తుంది. ఛాతీ సీటీ స్కాన్‌లో అది 6 లేదా 7 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి అందే ప్రపంచ సగటు 2.4 మిల్లీసీవర్టులు. అవసరమైన చోట సీటీ స్కాన్ ప్రాణాలు కాపాడుతుంది. అనవసరంగా తీయించుకున్నదానికి మాత్రం ప్రయోజనం లేని మోతాదు మిగులుతుంది. ఎంఆర్‌ఐ దీనికి భిన్నం. 1.5 టెస్లా యంత్రం సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలతో పనిచేస్తుంది; దానిలో అయనీకరణం లేదు. గర్భిణులకు చేసే అల్ట్రాసౌండ్ అసలు విద్యుదయస్కాంత తరంగమే కాదు, అది ధ్వని. ఈ మూడింటినీ వాడుకలో “స్కానింగ్” అనే ఒక్క మాటతో పిలవడం మరో అయోమయం.

5. మాట, భయం, నిర్ణయం:

పై పరిశీలన ఒక తలకిందుల స్థితిని చూపుతుంది. ఆధారాలు బలహీనంగా ఉన్నచోట భయం ఎక్కువగా ఉంది. ఆధారాలు బలంగా ఉన్న ఎండ, రాత్రివెలుగు, అనవసర సీటీ స్కాన్‌ల విషయంలో అది తక్కువ. “రేడియేషన్” అన్నప్పుడు వినేవారి మనసులో మెదిలేది అణుబాంబు, కేన్సర్ వార్డు. వెలుగు కూడా వికిరణమే అన్న స్ఫురణ ఆ మాటలో లేదు.

దీనికి కొత్త పదాల సృష్టి అవసరం లేదు. ఏ తరంగాన్ని ఆ తరంగపు పేరుతో పిలిస్తే చాలు. టవర్‌వి రేడియో తరంగాలు, రిమోట్‌ది పరారుణం, ఆసుపత్రివి ఎక్స్-కిరణాలు. వాటి సమష్టి నామంగా “వికిరణం” ఉంది. ప్రమాదకరమైన భాగానికి “అయనీకరణ వికిరణం” ఉంది. పత్రికలలో, ఆసుపత్రి సూచన పత్రాలలో, నివాసితుల సంఘాల తీర్మానాలలో ఈ భేదం పాటించడం తెలుగు అధ్యాపకులు, అనువాదకులు, పత్రికారచయితలు చేయగల పని.

6. ఉపసంహారం:

ఈ పరిశీలనలో తేలిన ముఖ్యాంశాలు:

1. సైబరాబాద్ నిత్యజీవితంలో రేడియో తరంగాల నుంచి ఎక్స్-కిరణాల వరకు దాదాపు వర్ణపటమంతా వినియోగంలో ఉంది. సమాచార ప్రసారంలో అత్యధికభాగం నేలకింద పరారుణ కాంతి ద్వారా జరుగుతున్నది.

2. హాని అన్నది తరంగమైనంత మాత్రాన కలగదు. అది పౌనఃపున్యం, మోతాదు రెండింటినీ బట్టి ఉంటుంది.

3. సెల్ టవర్ విషయంలో దూరం కంటే యాంటెన్నా దిశ, ఎత్తు ముఖ్యం. సిగ్నల్ బలహీనమైనప్పుడు ఫోను నుంచి అందే మోతాదు పెరుగుతుంది.

4. ఐటీ ఉద్యోగుల ఆరోగ్యం దృష్ట్యా రాత్రివెలుగు, ఎండ కొరత, అనవసర సీటీ స్కాన్‌లు టవర్ల కంటే ఎక్కువ శ్రద్ధ కోరుతున్నాయి.

5. భిన్నమైన తరంగాలను ఒకే మాటతో వ్యవహరించడం భయాన్ని దారి తప్పిస్తున్నది. తెలుగులో ఇప్పటికే స్థిరపడిన పారిభాషిక పదాలను వాడుకలోకి తేవడం ఆరోగ్య అవగాహనకు కూడా తోడ్పడుతుంది.